పెడల్ మీద కాలు

కొండ మీద గది,
మార్చి 4

నాన్నకు,

నీ ఉత్తరం అందింది. అందులో బండి గురించి ఏడు ప్రశ్నలున్నాయి, నా గురించి ఒకటి. ఆ ఒకటీ "తింటున్నావా" అని. తింటున్నాను.

ఇక ఆ ఏడింటికీ జవాబులు. బండి పొద్దున్నే ఒక్క తాళానికే లేస్తోంది. ఇంజన్ ఆయిల్ తాగడం లేదు. క్లచ్ బాగుంది, లైట్లు బాగున్నాయి. బ్రేక్ పెడల్ సగం దాకా దిగి ఆగుతోంది. నువ్వు చెప్పినట్టే వేళ్లతో కొలిచాను, కింద నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. అయినా పైపులన్నీ కొత్తవి వేసి ఇచ్చావు కదా, ఏడు ప్రశ్నల్లో మూడు పెడల్ గురించేనా?

మా నీళ్ల పరీక్షల ఆఫీసంటే మూడు గదులు, ఒక షెడ్డు. మంగళవారం, శుక్రవారం కొండ దిగి, నది దగ్గరా పంపుల దగ్గరా నీళ్లు సీసాల్లో పట్టి తెచ్చి పరీక్ష చెయ్యాలి. ఆఫీసు బండి ఎప్పుడో మూలపడింది, దాని వెనక సీటులో కోడి గుడ్లు పెడుతోంది. అందుకే సొంత బండి ఉన్నవాళ్లకే ఉద్యోగమన్నారు. నా చదువు సగం, నీ బండి సగం కలిస్తే వచ్చిన ఉద్యోగమిది.

సీసాలు కడిగే పెద్దాయన ఒకరున్నారు. నేను సీసాల బాబాయ్ అంటాను. "మీ ఇంట్లో నువ్వే మొదట చదువుకున్నావట కదమ్మా, మరి నీ చేతులేంటి మెకానిక్ చేతుల్లా ఉన్నాయి?" అన్నాడు. రెండూ నిజమే అన్నాను.

ఇంటి ఓనరుని పెద్దమ్మా అని పిలుస్తున్నాను. ఒక్కర్తే ఉంటుంది. కిడ్నీలు పనిచెయ్యవు. వారానికి రెండుసార్లు కింది ఊరి ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకోవాలి. రోడ్డు కుంగిందని ఆర్నెల్లుగా బస్సు పైకి రావడం లేదు. నేనెలాగూ ఆ రెండు రోజులూ దిగుతాను కాబట్టి నా పక్క సీటు ఆవిడదైంది. ఏడు మలుపులు. ప్రతి మలుపులోనూ డాష్‌బోర్డు పట్టుకుని, "నువ్వు నడుపు, నేను ఆపుతా" అంటుంది.

ఒక సంగతి. నీ అక్షరాలు ఈసారి గాలికి ఒరిగిన కంచెలా ఉన్నాయి. మన రిపేరు షాపు స్లేటు మీద నీకు రాయడం నేర్పినదాన్ని కాబట్టి చెబుతున్నాను, నువ్వు నిటారుగా రాసేవాడివి. ఆఫీసులో ఫోనుంది గాని నీకు వినపడదు. నీ ఒంట్లో ఎలా ఉందో నీ రాత చూసే నేను చెప్పుకోవాలి. అమ్మని అడిగానని చెప్పు.

నీ చిట్టి

---

షాపు,
మార్చి 12

చిట్టి మేస్త్రికి,

నీ ఉత్తరం రెండు సార్లు చదివాను. మొదటి సారి నీ కోసం. రెండో సారి పెడల్ కోసం.

నాలుగు వేళ్లు అన్నావు. నీ వేళ్లు సన్నం. నా లెక్కలో అది మూడు.

బానెట్ కింద బ్రేక్ ఆయిల్ డబ్బా ఉంది కదా. దాని మీద ఆయిల్ ఉన్నంత వరకు పెన్నుతో గీత పెట్టు. ప్రతి సోమవారం చూడు. గీత కిందికి దిగితే ఆ రోజే రాయి. మరుసటి రోజు రాస్తాలే అనుకోకు.

ఏడు మలుపులు అని ముందు చెప్పలేదు నువ్వు. కొండ అన్నావు. మలుపులు అనలేదు.

అక్షరాలకు ఏమీ కాలేదు. స్టూలు పొట్టిది. కాగితం తొడ మీద పెట్టుకుని రాస్తున్నాను. ఈ మధ్య నా తల కూడా మీ అమ్మే దువ్వుతోంది. ముసలితనంలో ముద్దు ఎక్కువైంది.

మీ అమ్మ పక్కన నిలబడి చాలా చెబుతోంది. నాకు వినపడదు కాబట్టి రాయడం లేదు. చేతులు ఊపేదాన్ని బట్టి చలి బట్టల గురించి.

వానలకు ముందు ఒకసారి వచ్చి బండి చూసి పోతాను. ఆ పెద్దావిడని సీటు బెల్టు పెట్టుకోమను.

మీ నాన్న

---

కొండ మీద గది,
ఏప్రిల్ 2

నాన్నకు,

గీత పెట్టాను. మొదటి సోమవారం ఆయిల్ గీత మీదే ఉంది. రెండో సోమవారం వెంట్రుక వాసి దిగింది, నా కళ్లే సరిగా చూడలేదనుకున్నాను. నిన్న చూస్తే వేలెడు దిగింది. మరుసటి రోజు రాయకన్నావు, ఒక్క రోజు ఆలస్యమైంది, తిట్టకు.

నాలుగు చక్రాల లోపలి వైపూ చెయ్యి పెట్టి తడిమాను. తడి లేదు. లోపల కార్పెట్ కూడా పొడిగానే ఉంది. పైపులన్నీ కొత్తవైనప్పుడు ఆయిల్ ఎటు పోతోంది? నువ్వు అడిగే ఏడు ప్రశ్నల్లాంటివి ఇప్పుడు నా బుర్రలో డెబ్భై ఉన్నాయి. దిగేటప్పుడు ప్రతి మలుపుకీ ముందే ఒకసారి పెడల్ నొక్కి చూసుకుంటున్నాను. పెద్దమ్మ గమనించింది. "ఏంటమ్మా, తబలా వాయిస్తున్నావా?" అంది.

వస్తానన్నావు. ఎప్పుడొస్తావు? ఆదివారమైతే కింది ఊరి బస్టాండు దాకా వచ్చి ఎక్కించుకుంటాను.

నీ చిట్టి

---

షాపు,
ఏప్రిల్ 7

చిట్టీ,

బండి తియ్యకు. ఈ ఉత్తరం అందిన దగ్గర నుంచి ఒక్క మలుపు కూడా దిగకు.

బండి కింద వెనక భాగంలో పాత అట్టలు పరిచి రాత్రంతా ఉంచు. పొద్దున్న చూడు. పెట్రోలు ట్యాంకు కింద మచ్చ ఉంటే రాయి. వేలితో తాకి చూడు. పెట్రోలు అయితే ఆరిపోతుంది. బ్రేక్ ఆయిల్ అయితే జిడ్డుగా ఉంటుంది.

నేను ఇప్పుడు రాలేను. షాపులో పని ఎక్కువగా ఉంది.

మచ్చ గురించి వెంటనే రాయి.

నాన్న

---

కొండ మీద గది,
ఏప్రిల్ 17

నాన్నకు,

నీ ఉత్తరం శుక్రవారం సాయంత్రం అందింది. నేను ఆ పొద్దున్నే దిగేశాను.

కంగారు పడకు. పెడల్ కొంచెం మెత్తబడింది, అంతే. బండి ముందు రెక్క గోడకి కాస్త గీసుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. అట్ట వేసి చూశాను. ట్యాంకు కింద అరచెయ్యంత మచ్చ, జిడ్డుగా ఉంది.

ఇక్కడొక మేస్త్రి ఉన్నాడు. ఏది చూపించినా "ఒక్క నిమిషం" అంటాడు, ఊరంతా ఆయన్ని ఒక్కనిమిషం మేస్త్రి అనే పిలుస్తుంది. ఆయన బండి కిందికి దూరి, వెనక్కి పోయే పైపుని పట్టుకారుతో నొక్కి, రెండుసార్లు మడిచి, లేచి చేతులు దులుపుకున్నాడు. "వెనక చక్రాలకి ఇక ఆయిల్ పోదు, కారదు. ముందు బ్రేకులు చాలమ్మా, హాయిగా తిరుగు" అన్నాడు. నిజంగానే ఒక్క నిమిషం పట్టింది. పెడల్ గట్టిపడింది కూడా. కానీ నేను నీ దగ్గర పెరిగినదాన్ని, నాకు హాయిగా లేదు. బండి షెడ్డులో పెట్టి తాళాలు బాబాయ్‌కి ఇచ్చేశాను. నా దగ్గరుంటే తీస్తానేమోనని.

పెద్దమ్మ ఇప్పుడు కూరగాయల వ్యాన్‌లో దిగుతోంది. తిరిగి రావడానికి ఒక్కోసారి ఏదీ దొరకదు. నిన్న ఆసుపత్రి వరండాలో బెంచీ మీద మూడు గంటలు కూర్చుందట. డ్రైవరు ఇక ప్రతి మంగళవారం రాలేనన్నాడు. ఒక్కసారి తప్పితే ఆవిడ ముఖం ఉబ్బుతుంది. రెండుసార్లు తప్పితే ఏమవుతుందో డాక్టరు చెప్పాడట, ఆవిడ నాకు చెప్పడం లేదు.

ఏం చెయ్యను నాన్నా? షాపులో పని రెండు రోజులు ఆగదా?

నీ చిట్టి

---

షాపు,
ఏప్రిల్ 24

చిట్టీ,

ఆ ఒక్కనిమిషం మేస్త్రికి నా నమస్కారం చెప్పు. నాలుగు కాళ్ల మంచానికి రెండు కాళ్లు కోసి, పడుకో హాయిగా ఉంటుంది అన్నాడట వెనకటికొకడు. రెండు చక్రాలతో ఆగే బండి దిగుడులో ఆగదు. జారుతుంది. తాళాలు బాబాయ్‌కి ఇచ్చావు. అది నా కూతురు చేసే పని.

నేను రాలేను. పైపు పంపుతున్నాను. బస్సు పార్సిల్‌లో వస్తుంది. ముందు నుంచి వెనక దాకా ఒక్కటే పొడుగు పైపు. చుట్ట చుట్టాను. నట్లు ఎక్కించి రెండు చివరలూ పూలలాగా విప్పాను. చివర్లకు కట్టిన గుడ్డ బిగించేదాకా తియ్యకు. లోపలికి ఇసుక రేణువు కూడా పోకూడదు. ఆలస్యం అయింది. నాలుగు రోజులు పట్టింది.

పెట్రోలు ట్యాంకు దించాలి. అది దించకుండా ఆ పైపు రాదు. ముందు పెట్రోలు డబ్బాల్లోకి తీసెయ్. ఆరుబయట చెయ్. సిగరెట్ కాల్చేవాడు ఎవడైనా దగ్గరికొస్తే తరిమెయ్. బండి ఎత్తాక జాకీని నమ్మకు. జాకీ ఎత్తడానికే. మొయ్యడానికి దుంగలు పెట్టు. దుంగల మీద బండిని రెండు చేతులతో ఊపి చూసి అప్పుడు కిందికి పో. పాత పైపు వంపులు ఎలా ఉంటే కొత్తది అలాగే మోకాలి మీద వంచు. నట్టు ముందు వేళ్లతోనే తిప్పు. నాలుగు చుట్లు వేళ్లకు లొంగితే దారి సరిగ్గా పడినట్టు. లొంగకపోతే స్పానర్ పెట్టి బలవంతం చెయ్యకు.

తరవాత పైపులో చేరిన గాలి తియ్యడం. అది నీకు చెప్పక్కర్లేదు. పెడల్ మీద పెరిగినదానివి. నీకు ఏడేళ్లు. నాకు చెవులు పూర్తిగా పోయిన ఏడాది. నువ్వు అరిస్తే నాకు వినపడదని మడమతో బండి నేలరేకు మీద కొట్టడం నువ్వే కనిపెట్టావు. ఆ అదురు నా చేతికి తెలిసేది. ఈసారి నువ్వు కింద. పెడల్ మీద ఎవరినైనా పెట్టుకో. ఆయిల్ డబ్బాకి దూరంగా ఉన్న వెనక చక్రం నుంచి మొదలుపెట్టు. డబ్బాలో ఆయిల్ అడుగంటనివ్వకు. బయటికొచ్చిన ఆయిల్ మళ్లీ పొయ్యకు.

రెక్క గోడకి గీసుకుంది అన్నావు. ఎక్కడి గోడ. ఎంత వేగం. మెత్తబడింది అంటే ఎంత మెత్త. నిజం రాయి.

నాన్న

---

కొండ మీద గది,
మే 8

నాన్నగారికి,

పైపు అందింది. పని చేశాం. కానీ కాలేదు.

ట్యాంకు దించడానికి ఒక పూట పట్టింది. బాబాయ్ కింద పలక పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు, నేను బోల్టులు తీశాను. పైపు మీరు చెప్పినట్టే వంచాను. నట్లు రెండు చివర్లా వేళ్లకు లొంగాయి. బిగించాక చుట్టూ తుడిచి తెల్ల కాగితం చుట్టి చూశాను, తడి లేదు.

పాత పైపు తీసి గది మూల నిలబెట్టాను. దాని గురించి ఇప్పుడు రాయను.

గాలి తియ్యడం దగ్గర ఆగిపోయాం. ఆఫీసులో పారదర్శకంగా ఉండే ట్యూబు ఉంది, దాన్ని చక్రం దగ్గర గాలి వదిలే నిపిల్‌కి తొడిగి, రెండో కొస నీళ్ల సీసాలో కొద్దిగా బ్రేక్ ఆయిల్ పోసి ముంచాను. బుడగలు కళ్లకి కనబడతాయి. మన పద్ధతే బాబాయ్‌కి నేర్పాను. పెడల్ నాలుగుసార్లు కొట్టి తొక్కిపట్టాక ఎడమ మడమతో రెండు దెబ్బలు. అప్పుడు నేను నిపిల్ వదులు చేస్తాను. ఆయిల్ వచ్చి పెడల్ అడుగుకి దిగగానే మూడో దెబ్బ. నేను నిపిల్ బిగిస్తాను. ఆ తరవాతే ఆయన కాలు తియ్యాలి. ఆయన ఒక్కటి కూడా మర్చిపోలేదు, నోట్లో లెక్కపెట్టుకుంటూ కొట్టాడు.

మూడు రోజుల్లో నాలుగుసార్లు చేశాం. ప్రతిసారీ బుడగలు. తగ్గినట్టే తగ్గి, మళ్లీ వస్తాయి. డబ్బాలో ఆయిల్ ఎప్పుడూ సగం పైనే ఉంచాను. నట్లు మళ్లీ చూశాను, కారడం లేదు. రెండు పెద్ద డబ్బాల ఆయిల్ అయిపోయింది. పెడల్ మాత్రం తడిసిన దూదిలా దిగిపోతోంది.

మంగళవారం వ్యాన్ రాలేదు. పెద్దమ్మకి ఒకసారి తప్పిపోయింది. ముఖం ఉబ్బింది. కళ్లు సన్నబడ్డాయి. నిన్న మెట్టు ఎక్కలేక గోడ పట్టుకుని నిలబడి, "నేను బాగానే ఉన్నా, నువ్వు నీ సీసాలు చూసుకో" అంది. శుక్రవారం పాల లారీ వాళ్లని బతిమాలి పంపుతున్నాను. ఆ తరవాత ఎవరిని అడగాలో తెలియడం లేదు. మీరు చెప్పినవన్నీ చేశాను. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

మీ అమ్మాయి

---

షాపు,
మే 11

చిట్టీ,

నాన్నగారికి అని రాశావు. మీరు అని రాశావు. ఇరవై నాలుగేళ్లలో మొదటి సారి. నాకు అర్థమయింది. దాని గురించి కింద రాస్తాను. ముందు బ్రేకు. ఆ పెద్దావిడ ఆగలేదు.

నీ ఉత్తరం పట్టుకుని షాపులో ఉన్న పాత బండిలో కూర్చున్నాను. బాబాయ్ చేసినట్టే చేశాను. రెండు దెబ్బలు. అప్పుడు నిపిల్ బిగించే ఉంది. కాలు కొంచెం కదిలినా పరవాలేదు. నువ్వు విప్పావు. పెడల్ దిగింది. మూడో దెబ్బ. ఇక్కడ చూడు. కూర్చున్న మనిషి ఎడమ మడమ ఎత్తి కొడితే నడుము కదులుతుంది. నడుము కదిలితే కుడి కాలు లేస్తుంది. వేలెడు కాదు. గోరంత. అప్పుడు నిపిల్ విప్పే ఉంది. ఆ గోరంతకే పెడల్ వెనక్కి వచ్చి, విప్పిన నిపిల్ అంచు సందుల్లోంచి గాలి లాగుతుంది. మీరు ప్రతి సారీ గాలి తీశారు. ప్రతి సారీ ఎక్కించారు.

నువ్వు చిన్నప్పుడు కూర్చోలేదు. నీ కాలు అందేది కాదు. సీటుకి వీపు ఆనించి పెడల్ మీద నిలబడేదానివి. బరువంతా దాని మీదే. అందుకే నీ కాలు లేవలేదు.

అసలు దెబ్బలెందుకమ్మా. ఆయనకి నోరుంది. నీకు చెవులున్నాయి. ఆ దెబ్బలు నా కోసం కనిపెట్టినవి. నేను అక్కడ లేను. పెడల్ అడుగుకి దిగగానే తాకింది అని నోటితో చెప్పమను. బిగించాను అని నువ్వు నోటితో చెప్పు. అంతే.

మీ అమ్మకి ఇది చూపించి నవ్వాను. ఆ అలవాటు కొండ దాకా పోయిందని. తరవాత నవ్వలేకపోయాను.

ఇక నోరు తెరవడం నా వంతు.

పాత పైపు నీ గది మూల ఉంది అన్నావు. నల్ల రంగు గీకి చూసే ఉంటావు. అది కొత్తది కాదు. నీకు ఇచ్చే ముందు మిగతా పైపులన్నీ మార్చాను. అవి నిజంగా కొత్తవే. గోరుతో గీసి చూసుకో. ఆ ఒక్కటి మార్చలేదు. ట్యాంకు దించాలని మొదలుపెట్టాను. కుడి చెయ్యి రొమ్ము దాటి లేవలేదు. రెండు రోజులు ప్రయత్నించాను. పండగకి ముందు నుంచే భుజం బిగుసుకుపోతోంది. ఎవరికీ చెప్పలేదు. మేస్త్రి చెయ్యి పోయిందని తెలిస్తే షాపుకి ఎవరొస్తారు. నా కూతురి బండి కింద ఇంకొకడిని పడుకోబెట్టడానికి కూడా మనసు ఒప్పలేదు. కనిపించినంత మేర తుప్పు గీకి నల్ల రంగు వేశాను. భుజం తగ్గాక, నువ్వు సెలవకి వచ్చినప్పుడు మారుస్తాను అనుకున్నాను.

బండి తీసుకెళ్లే రోజు నువ్వు కిందికి వంగి చూశావు. స్లేటు మీద అన్నీ మార్చావా అని రాశావు. నేను తల ఊపాను. నువ్వు రాసింది తుడిచేశాను. నా తల ఊపుడు మాత్రం తుడవలేకపోతున్నాను. ఏ ఉత్తరం రాసినా పెడల్ గురించి అడగడం అందుకే.

కొత్త పైపుకి నాలుగు రోజులు పట్టింది కూడా అందుకే. ఎడమ చేత్తో మూడు చివరలు పాడు చేశాను. చివరికి నేను పట్టుకుంటే మీ అమ్మ చివరలు విప్పే పనిముట్టు హ్యాండిల్ తిప్పింది. షాపులో పని ఎక్కువ అన్నది అబద్ధం. పని లేదు. రెండు నెలలుగా షట్టరు సగమే ఎత్తుతున్నాను. అంతకన్నా చెయ్యి లేవదు.

చక్రాల దగ్గర రబ్బరు గొట్టాలు పాతవే. ఇంకో ఆరు నెలలు ఆగుతాయి అనుకున్నాను. అనుకోవడం ఇక మానేశాను. వంచి చూడు. పగుళ్లుంటే బండి తియ్యకు. లేకపోయినా వానలకు ముందు మార్చెయ్.

నన్ను తిట్టు. కానీ నాన్నగారు అనకు.

నాన్న

---

కొండ మీద గది,
మే 20

నాన్నా,

ముందు బ్రేకు. నీ ఉత్తరం గురువారం అందింది. సాయంత్రమే బాబాయ్‌ని కూర్చోబెట్టాను. "ఇక తన్నక్కర్లేదు బాబాయ్, నోటితో చెబితే చాలు" అంటే ఆయన నన్ను అదోలా చూసి, "మొదటి రోజు నుంచీ నేను అదే అనుకుంటున్నానమ్మా. మీ శాస్త్రంలో తన్నడం ఉందేమోనని ఊరుకున్నా" అన్నాడు. ఆయన "తాకింది" అన్నాడు, నేను "బిగించాను" అన్నాను. దూరపు చక్రానికి పన్నెండుసార్లు, దగ్గరి దానికి ఎనిమిది, ముందు వాటికి కొన్ని. బుడగలు చిన్నవయ్యాయి, తరవాత రాలేదు. పెడల్ నాలుగు వేళ్ల దగ్గర ఆగింది. రాయి మీద కాలు పెట్టినట్టు ఆగింది. పూర్తి బలంతో తొక్కి బాబాయ్‌ని అరవై లెక్కపెట్టమన్నాను. దిగలేదు. రబ్బరు గొట్టాలు వంచి చూశాను, పగుళ్లు లేవు.

మర్నాడు ఒక్కదాన్నే ఏడు మలుపులూ దిగి, ఎక్కి, మళ్లీ దిగి, ఎక్కాను. అట్ట వేసి చూశాను. ఆ తరవాతే పెద్దమ్మని ఎక్కించుకున్నాను. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి వెళ్లొచ్చాం. ముఖం తగ్గింది, మాటలు పెరిగాయి.

ఇప్పుడు తిడతాను.

ఆ పైపు ట్యాంకు మీద భాగం పట్టుకుంటే రంగు పెచ్చులా ఊడి వచ్చింది. కింద తుప్పులోకి నా గోరు దిగింది. నువ్వు వేసిన రంగని చూడగానే తెలుసు, నీ కుంచె గీతలు నాకు తెలియవా? బండి కిందే పడుకుని చాలాసేపు ఉండిపోయాను. బాబాయ్ "ఏమ్మా, నిద్రపోయావా?" అని కాలు కదిపాడు. ప్రతి కస్టమరుకీ ఏం చెప్పేవాడివి? "రంగు వేసి దాచేవాడు మేస్త్రి కాదు, పెళ్లిళ్ల పేరయ్య" అనేవాడివి. ఆ మాట విని పెరిగిన నాకు ఆ బండే ఇచ్చావు. నువ్వు తల ఊపావు, నేను నమ్మాను. నా నమ్మకం మీద పెద్దమ్మ పక్కన కూర్చుంది.

గోడ సంగతి నిజం రాయమన్నావు. మెత్తబడటం కాదు. ఐదో మలుపులో పెడల్ నేల దాకా పోయింది. మళ్లీ కొట్టాను, మళ్లీ పోయింది. ఎడమవైపు లోయ, కుడివైపు కొండ గోడ. గేరు దించి, హ్యాండ్‌బ్రేక్ లాగి, రెక్కని గోడకి రాసుకుంటూ పోనిచ్చాను. ఎంత దూరం పోయామో తెలియదు. ఆగాక గోడ మీద గీత కొలిచాను, ఇరవై రెండు అడుగులు. పెద్దమ్మ చేతులు డాష్‌బోర్డు మీదే ఉన్నాయి. అవి తియ్యకుండానే, "చూశావా, నేనే ఆపా" అంది. తరవాత ఇద్దరం రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాం. నీకు రాస్తే నీ గుండె ఆగుతుందని రాయలేదు. అంటే నేనూ రంగు వేశాను. తుప్పు నీది, నా రంగు దాని మీద.

కోపం పోలేదు నాన్నా. కానీ ఆ రోజు నీకు చెయ్యి లేవక, ఒక్కడివే బండి కింద పడుకుని ఎలా లేచావో అని కూడా అనిపిస్తోంది. అమ్మ తల దువ్వుతోందంటే ముద్దు అనుకుని నవ్వాను. చదువుకున్నదాన్ని, నీ రాత చూసి నీ ఒళ్లు చెబుతానన్నదాన్ని, ఒరిగిన అక్షరాలు చూసి కూడా పొట్టి స్టూలు మాట నమ్మేశాను.

పెద్దమ్మకి నీ సంగతి చెప్పాను. కింది ఆసుపత్రిలో భుజాలకి వ్యాయామం చేయించే గది ఉందట, ఆవిడ మిషన్ మీద ఉన్నంతసేపూ నువ్వు అక్కడ ఉండొచ్చు. "నాలుగు గంటలు నాకు తోడు దొరుకుతుంది, ఎంత వాగినా ఏమీ అనడు కూడా" అంది.

రబ్బరు గొట్టాలు వానలకు ముందు మార్చమన్నావు. మార్చాలంటే మళ్లీ నాలుగు చక్రాలకీ గాలి తియ్యాలి. నేను కింద ఉంటాను. బాబాయ్ మోకాలు వాచింది, ఇక వల్ల కాదన్నాడు. నీ చెయ్యి లేవదు, సరే. కాళ్లకేమైంది?

జూన్ రెండు, ఆదివారం పొద్దున పది గంటల బస్సుకి కింది బస్టాండులో ఉంటాను. గొట్టాలు నువ్వే తీసుకురా. రంగు డబ్బా మాత్రం తేకు.

నీ చిట్టి

---

షాపు,
మే 25

చిట్టి మేస్త్రికి,

ఇరవై రెండు అడుగులు అన్నావు. షాపు ముందు రోడ్డు మీద సుద్దముక్కతో గీసి చూశాను. మీ అమ్మ ఏంటని సైగ చేసింది. చెప్పాను. ఇద్దరం దాని పక్కన నిలబడ్డాం.

ఆదివారం వస్తున్నాను. రబ్బరు గొట్టాలు మూడు కొత్తవి, ముందుకి రెండు, వెనక్కి ఒకటి. డబ్బా విప్పలేదు. నువ్వే విప్పి చూసుకో. షట్టరు పూర్తిగా దించి, భుజం బాగయ్యాక తెరుస్తాం అని అట్ట మీద రాసి తగిలించాను. అక్షరాలు ఒరిగే ఉన్నాయి. చదివినవాళ్లు చదువుతారు.

ఆ పాత పైపు పారెయ్యకు. ఒక ముక్క నాకు కావాలి. షాపులో స్లేటు పక్కన మేకుకి తగిలిస్తాను.

ఒక్క సంగతి ఆలోచించావా. నువ్వు కింద ఉంటే నీ మాట నాకు వినపడదు. నేను నోటితో చెబుతాను. తొక్కిపట్టాను అంటాను. తాకింది అంటాను. నీకు చెవులున్నాయి. కానీ నువ్వు బిగించాను అన్నది నాకెలా తెలియాలి. అందుకని నువ్వు బిగించాక కింది నుంచి నేలరేకు మీద స్పానర్ పిడితో ఒక్క దెబ్బ కొట్టు. గట్టిగా కొట్టు. నా అరికాలికి తెలుస్తుంది.

నీ దెబ్బ తగిలేదాకా నేను కాలు తియ్యను.

నాన్న